పై అంతస్తులో రెండో రౌటర్: వైఫై కలుస్తోంది, ఇంటర్నెట్ రావడం లేదు

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లు. కరెంటు స్తంభం మీదుగా వచ్చిన ఫైబర్ ముందు హాల్లోకి దిగుతుంది. కంపెనీ వాళ్లు ఇచ్చిన వైఫై పెట్టె అక్కడే టీవీ పక్కన గోడకు ఉంది. మా ప్లాన్ 100 ఎంబీపీఎస్. హాల్లో ఫోనుతో కొలిస్తే 90 దాటుతుంది. కానీ నేను పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేది పైన వెనక గదిలో. అక్కడ మూడు, నాలుగుకు మించి రాదు. తలుపు వేస్తే అదీ ఉండదు. సమీకరణం సగంలో ఉండగా బొమ్మ ఆగిపోతుంది, పిల్లలు "సార్, వినపడటం లేదు" అంటారు.

ఇల్లు కట్టినప్పుడే హాలు నుంచి ఆ గదికి గోడలోని పైపు గుండా ఒక లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) తీగ లాగించాం. అది ఎటూ ఉంది కాబట్టి రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) రౌటర్ ఒకటి కొత్తగా కొన్నాను. కంపెనీ పెట్టెలోని లాన్ 1 నుంచి వచ్చే తీగను పైన కొత్త రౌటర్ నీలం రంగు వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ వచ్చే చోటు) పెట్టాను. కొత్త వైఫై పేరు కనిపిస్తోంది, ఫోను కలుస్తోంది, కానీ "ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తోంది. రౌటర్ మీద భూగోళం గుర్తు ఉన్న లైటు నారింజ రంగులోనే ఉండిపోయింది. కింద పెట్టెలో పవర్, పాన్ లైట్లు ఆకుపచ్చగా నిలకడగా ఉన్నాయి. ఎల్ఓఎస్ లైటు వెలగడం లేదు.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. క్లాసులు ఆగకూడదు. ఏది ముందు చూడాలో, ఏది తరువాత చూడాలో వరుసగా చెబితే మేలు చేసినవారవుతారు.

తీగల_పనివాడు | ఆదివారం, రాత్రి 9:40

మాస్టారూ, లైట్ల సంగతి మీరే రాశారు కాబట్టి సగం పని అయిపోయింది. పాన్ నిలకడగా ఉంది, ఎల్ఓఎస్ ఎర్రగా లేదు అంటే ఫైబర్ బాగుంది, ఎక్స్ఛేంజి దాకా దారి ఉంది. అటువైపు చూడనవసరం లేదు. తేడా ఉంటే మీ గోడలో తీగలో ఉండాలి, లేదా కొత్త రౌటర్ సెట్టింగులలో ఉండాలి.

రెండింటినీ ఒకేసారి వెతకకండి. రేపు ఉదయం కొత్త రౌటర్ పక్కన పెట్టి, పైన గదిలో ఆ తీగ కొసను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయాలి, లేకపోతే ఏ దారిన వస్తోందో తెలియదు. ఇంటర్నెట్ వస్తే తీగ మంచిదే, రౌటర్ సంగతి చూద్దాం. రాకపోతే రెండు కొసలూ మళ్లీ క్రింపింగ్ చేయించాలి (కొత్త కనెక్టర్లు బిగించడం). ఏళ్లుగా పెట్టెలో మూసి ఉన్న కొసల్లో తుప్పు పట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను.

అలాగే రెండు పెట్టెల అడుగున అంటించిన కాగితం మీద లాగిన్ చిరునామా ఉంటుంది. రెండూ చూసి ఇక్కడ రాయండి. వైఫై పాస్‌వర్డ్ మాత్రం ఇక్కడ పెట్టకండి.

హనుమకొండ_వాణి | ఆదివారం, రాత్రి 9:58

నా అనుమానం చెబుతాను, రేపు మాస్టారు చూసి నిజమో కాదో తేల్చుతారు. రెండు పెట్టెల చిరునామా 192.168.1.1 అయి ఉంటుంది. చాలా కంపెనీలు పెట్టెను కర్మాగారం నుంచి ఆ చిరునామాతోనో 192.168.0.1తోనో పంపుతాయి. 192.168తో మొదలయ్యేవన్నీ ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికి 1990లలోనే విడిగా కేటాయించిన చిరునామాలు, అందుకే ఏ ఇంట చూసినా అవే కనిపిస్తాయి.

రౌటర్ పని ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు సమాచారాన్ని దాటించడం. వాన్ వైపు వచ్చింది 192.168.1 వరుస, లాన్ వైపు తను పంచుతున్నదీ అదే వరుస అయితే, ఏది లోపల, ఏది బయట అన్నది దానికి తెలియదు. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకే డోరు నంబరు ఉంటే పోస్ట్‌మన్ ఏం చేస్తాడు? కొన్ని కొత్త రౌటర్లు ఇది పసిగట్టి తమ చిరునామాను తామే మార్చుకుంటాయి. అన్నీ అలా చేయవు.

మిర్చియార్డు | సోమవారం, ఉదయం 6:50

ఇంత గొడవ ఎందుకండి? ఆ రౌటర్ వెనక్కి ఇచ్చేసి, మెట్ల దగ్గర ప్లగ్గులో పెట్టే రిపీటర్ ఒకటి తెచ్చుకోండి. మా ఇంట్లో అదే. తీగా లేదు, సెట్టింగులూ లేవు, బటన్ నొక్కితే కలిసిపోయింది.

తీగల_పనివాడు | సోమవారం, ఉదయం 7:20

అన్నా, తీగ లేని ఇంట్లో రిపీటరే దిక్కు, ఒప్పుకుంటాను. కానీ గోడలో తీగ ఉన్న మనిషికి రిపీటర్ చెప్పకూడదు. అది కింద నుంచి గాలిలో విన్నదాన్నే మళ్లీ గాలిలో పలకాలి. ఒకే రేడియోతో రెండు పనులూ చేసేదైతే వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా మెట్ల దగ్గరకు వచ్చేసరికే బలహీనపడిన సిగ్నల్‌ను అది ఎంత గట్టిగా పలికినా లోపల ఉన్న సరుకు పెరగదు. సినిమా చూసేవాళ్లకు అది సరిపోవచ్చు, ఎందుకంటే కొంత ముందే దాచుకుని చూపిస్తుంది. క్లాసు చెప్పే మనిషికి మాట అప్పటికప్పుడు అవతలికి చేరాలి. అక్కడ తీగకు సాటి లేదు. లాన్ తీగ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా తీసుకెళుతుంది. మన ఇళ్లలో 30 మీటర్లు దాటేది అరుదు.

లెక్కల_మాస్టారు | సోమవారం, ఉదయం 8:35

చూశాను. ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టగానే ఇంటర్నెట్ వచ్చింది, 93 చూపించింది. వాణి గారు చెప్పినట్టే రెండు పెట్టెల అడుగునా 192.168.1.1 అనే ఉంది. ఇప్పుడు కొత్తదాని చిరునామా మారిస్తే సరిపోతుందా? ఇంకో సందేహం కూడా ఉంది. మా అమ్మ తన ఫోనులోని భజనలు కింద టీవీలో పెట్టుకుంటుంది. ఆమె పైకి వచ్చినప్పుడు కూడా అది పనిచేయాలి. ప్రింటర్ కింద ఉంది, ప్రశ్నపత్రాలు నేను పైనుంచి పంపాలి.

హనుమకొండ_వాణి | సోమవారం, ఉదయం 9:10

మాస్టారు గారూ, ఆ రెండో సందేహమే దారి తేల్చేసింది.

మీరు 192.168.1.1ను 192.168.2.1గా మార్చి ఊరుకుంటే ఇంటర్నెట్ వస్తుంది. కానీ ఇంట్లో రెండు వేరు వేరు నెట్‌వర్కులు తయారవుతాయి. పైన ఫోనుకు కింద టీవీ కనిపించదు, ఎందుకంటే టీవీని వెతికే పిలుపు రౌటర్‌ను దాటి బయటకు పోదు. ప్రింటర్ కూడా జాబితాలో తనంతట తాను కనిపించదు. కొన్ని వీడియో కాల్స్‌కు, ఆటలకు రెండు చోట్ల చిరునామా మార్పిడి జరగడం వల్ల చిక్కులు వస్తాయి.

మీకు కావలసింది కొత్త పెట్టె రౌటర్‌గా కాకుండా వట్టి వైఫై కేంద్రంగా పనిచేయడం. చిరునామాలు పంచే పని, బయటకు దారి చూపే పని కింద ఉన్న కంపెనీ పెట్టె ఒక్కటే చేయాలి. దీనిని యాక్సెస్ పాయింట్ మోడ్ అంటారు. ఈమధ్య వచ్చే రౌటర్లలో చాలావాటికి ఇది సిద్ధంగానే ఉంటుంది. గోడ తీగ తీసేసి, ల్యాప్‌టాప్‌ను కొత్త రౌటర్ లాన్ పోర్టుకు కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి. తీగ తీయడం ముఖ్యం, లేకపోతే ఒకసారి కింది పెట్టె పేజీ, ఒకసారి పైది తెరుచుకుని అయోమయం అవుతుంది. లోపల సిస్టమ్ లేదా ఆపరేషన్ మోడ్ అనే చోట ఆ ఎంపిక దొరుకుతుంది. ముందుగా వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టుకుని, ఆ తరువాత మోడ్ మార్చండి. రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది. అప్పుడు గోడ తీగను వాన్ పోర్టులో పెట్టవచ్చు.

ఆ ఎంపిక లేని పాత రౌటర్ అయితే చేత్తో చేసుకోవాలి. డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపేయాలి, దాని సొంత చిరునామాను 192.168.1.250 లాంటిదానికి మార్చాలి, గోడ తీగను వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెట్టాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కింది పెట్టె 2 నుంచి 254 దాకా అన్ని నంబర్లూ పంచుతుంటే, ఏదో ఒకరోజు 250ని ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది. అందుకని కింది పెట్టెలో డీహెచ్‌సీపీ పరిధిని 200 దగ్గర ఆపండి. 200కు పై నంబర్లన్నీ మీ చేతిలో ఉంటాయి.

పాత_ఎక్స్ఛేంజి | సోమవారం, మధ్యాహ్నం 12:05

ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే చేసి రిటైరైనవాణ్ని. వాణి గారు చెప్పిన దారి సరైనది. కానీ చేయి పెట్టేముందు కొన్ని మాటలు వినండి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఇళ్లలో ఇంటర్నెట్ వారం రోజులు పోతుంది.

కింద ఉన్న పెట్టె వెనక సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకోకండి. అది రీసెట్. పవర్ ఆపి మళ్లీ వేయడం వేరు, అది వేరు. చాలా కనెక్షన్లలో ఆ పెట్టె లోపల పీపీపీఓఈ (కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) పేరు, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (లైనుకు కంపెనీ పెట్టిన గుర్తు) ఉంటాయి. రీసెట్ చేస్తే అవన్నీ చెరిగిపోతాయి. కొన్ని కంపెనీలు వాటిని దూరం నుంచే తిరిగి పంపించగలవు, కొన్ని చోట్ల మనిషి రావాలి. మీ పేరు, పాస్‌వర్డ్ ఏమిటో కంపెనీని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. డబ్బు కట్టేది మీరు కాబట్టి అడగడానికి మొహమాటం వద్దు. పెట్టె సెట్టింగుల పేజీల్లో దేన్ని మార్చబోతున్నా, మార్చేముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

ఫైబర్ గురించి. ఆ సన్నని తీగ కొసన ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది. దాని ముఖం 8 డిగ్రీల ఏటవాలుగా అరగదీసి ఉంటుంది, వెలుగు వెనక్కి తిరిగి రాకుండా. నీలం రంగు కనెక్టర్ ముఖం అలా ఉండదు. రెండూ ఒకదానిలో ఒకటి దూరుతాయి, కానీ కలపకూడదు. కలిపితే మధ్యలో ఖాళీ మిగిలి సిగ్నల్ పడిపోతుంది, ముఖాలూ పాడవుతాయి. కొసను వేలితో తాకవద్దు. చొక్కా అంచుతో తుడవవద్దు. మూత తీసి కంటితో లోపలికి అసలు చూడకూడదు. ఎక్స్ఛేంజి నుంచి మీ ఇంటికి వచ్చే వెలుగు 1490 నానోమీటర్లది, మీ పెట్టె తిరిగి పంపేది 1310ది. రెండూ కంటికి కనపడవు, కనపడలేదని లేవనుకోకూడదు.

తీగను టీవీ బల్ల వెనక మడిచి నొక్కేస్తుంటారు. గట్టిగా మడిచిన చోట వెలుగు పక్కకు కారిపోతుంది. పెట్టె పేజీలో ఆప్టికల్ పవర్ అనే లెక్క కనిపిస్తే చూడండి, ఇళ్లలో వాడే జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు చీల్చే పద్ధతి) పెట్టెలకు అది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 25 దాటి 27 వైపు ఉంటే ఇప్పటికి నడుస్తున్నా, అంచున నడుస్తున్నట్టే. మీ దగ్గర ఎంత ఉందో రాయగలరా?

లెక్కల_మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:30

మైనస్ 21.4 ఉంది సార్. కంపెనీ వాళ్లకు ఫోను చేసి పేరు, పాస్‌వర్డ్ అడిగాను, మెసేజీ పంపారు, రాసి పెట్టుకున్నాను. సాయంత్రం క్లాసు అయ్యాక మోడ్ మారుస్తాను.

పాత_ఎక్స్ఛేంజి | సోమవారం, మధ్యాహ్నం 1:42

21.4 బాగుంది. ఆ అంకె కూడా తేదీ వేసి రాసుకోండి. ఆరు నెలల తరువాత 26 అయితే ఎక్కడో తీగ నలుగుతోందని కంపెనీకి ఆధారంతో చెప్పవచ్చు.

కడప_కుర్రాడు | సోమవారం, సాయంత్రం 4:15

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఫైబర్ ఇంట్లోకి రాదు. కేబుల్ ఆపరేటర్ వీధి పెట్టె నుంచి నేరుగా లాన్ తీగ వేశాడు. పాత రౌటర్ పాడైతే కొత్తది కొని అదే తీగ వాన్‌లో పెట్టాను. పేరు, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టాను, అయినా కలవడం లేదు.

తీగల_పనివాడు | సోమవారం, సాయంత్రం 5:00

తమ్ముడూ, మీ కేసు వేరు, కానీ మన ఊళ్లలో చాలామందిది అదే కేసు. వాన్ సెట్టింగులలో కనెక్షన్ రకం డైనమిక్ అని కాకుండా పీపీపీఓఈ అని ఎంచుకున్నారా? అది ముందు చూడండి. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉంటుంది. పేరు చివర ఆపరేటర్ తగిలించిన గుర్తులు ఏవైనా ఉంటే అవి కూడా కొట్టాలి.

అవి సరిగా ఉన్నా కలవకపోతే కారణం దాదాపు ఎప్పుడూ మ్యాక్ చిరునామానే. ప్రతి పెట్టెకూ పుట్టుకతో వచ్చే గుర్తు అది, అడుగున ఉన్న కాగితం మీద పన్నెండు అక్షరాలుగా రాసి ఉంటుంది. చాలామంది ఆపరేటర్లు మీ ఖాతాను పాత పెట్టె మ్యాక్‌కు ముడివేసి ఉంచుతారు. ఆపరేటర్‌కు ఫోను చేసి "రౌటర్ మార్చాను, మ్యాక్ విడిపించండి" అంటే చాలు, వాళ్లకు ఒక్క నిమిషం పని. ఆయన ఎత్తకపోతే కొత్త రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట పాతదాని చిరునామా కొట్టండి. పాత పెట్టె పాడైనా కాగితం ఉంటుంది కదా. మరో సంగతి, పాత పెట్టె ఉన్నట్టుండి ఆగిపోయి ఉంటే అవతల మీ పాత లాగిన్ ఇంకా తెరిచే ఉండవచ్చు. కాసేపు ఆగి మళ్లీ కలపండి.

కలిశాక కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే ఎంటీయూ (ఒక్కో పొట్లంలో పట్టే బైట్ల గరిష్ఠ సంఖ్య) చూడండి. మామూలుగా 1500 ఉంటుంది, పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1492 ఉండాలి.

ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ఆ తీగను రౌటర్ నుంచి తీసేయండి. స్తంభాల మీదుగా వచ్చే రాగి తీగ పిడుగు దెబ్బను లోపలికి తెస్తుంది. పోర్టులు కాలిపోయిన రౌటర్లు వర్షాకాలంలో నా దగ్గరకు సంచులలో వస్తాయి. గాజు ఫైబర్‌కు ఈ బాధ లేదు.

కడప_కుర్రాడు | సోమవారం, సాయంత్రం 6:25

మ్యాక్ విడిపించమన్నాను, వెంటనే కలిసింది. చాలా థ్యాంక్స్ అన్నా.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 10:20

మోడ్ మార్చాను, ఇంటర్నెట్ వచ్చింది! పైన గదిలో 5 గిగాహెర్ట్జ్ మీద 91 వస్తోంది. అమ్మ భజనలు పైనుంచి కింద టీవీలో మోగాయి. ప్రింటర్ కూడా కనిపించింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

రెండు విషయాలు మాత్రం అర్థం కాలేదు. నేను కింద నుంచి పైకి వస్తే ఫోను ఇంకా కింది వైఫైనే పట్టుకుని ఉంటుంది, చేత్తో మార్చాలి. రెండోది, రౌటర్ ఆపి మళ్లీ వేస్తే 2.4 పేరు వెంటనే వస్తుంది, 5 పేరు ఒక నిమిషానికి గానీ రాదు. పెట్టెలో లోపమా? 2.4 మీద వేగం కూడా 25కు మించడం లేదు.

హనుమకొండ_వాణి | సోమవారం, రాత్రి 10:55

చాలా సంతోషం మాస్టారు గారూ. ఆలస్యం లోపం కాదు, పద్ధతి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్లను రాడార్లు కూడా వాడతాయి. అందుకని ఆ ఛానల్ ఎక్కేముందు రౌటర్ కనీసం 60 సెకన్లు మౌనంగా విని, రాడార్ లేదని తెలుసుకున్నాకే మాట్లాడాలి. మీ రౌటర్ తనంతట తానే అలాంటి ఛానల్ ఎంచుకుంది. ఛానల్‌ను 36 అని చేత్తో పెట్టండి, వెంటనే వస్తుంది. మన దేశంలో 2018లో ఈ 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఎక్కువ భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, కాబట్టి చోటుకు కొదవ లేదు.

2.4 సంగతి వేరు. అక్కడ ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కో వైఫైకి కావలసింది 20. అంటే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. మీ రెండు పెట్టెలూ ఒకే ఛానల్ మీద ఉంటే ఒకటి మాట్లాడుతుండగా ఇంకోటి ఆగాలి. కింద 1, పైన 11 పెట్టి చూడండి, పక్కింటివాళ్లు ఏది వాడుతున్నారో కూడా ఫోనులో చూసుకుని. వెడల్పు 20 అనే ఉంచండి, 40 అంటే అందరితోనూ తగవే. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇదే పట్టీలో మోగుతుంది. 2.4కు ఉన్న గుణం గోడ దాటడం. కాబట్టి బాత్‌రూమ్ గీజర్ స్విచ్చి, బయట కెమెరా లాంటివాటికి దాన్ని వదిలి, ల్యాప్‌టాప్, ఫోన్లు 5 మీద పెట్టుకోండి.

ఫోను పట్టు వదలకపోవడానికి నా సలహా: రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం భద్రత పెట్టండి. అప్పుడు ఫోను తనే బలమైనదానికి మారుతుంది.

మిర్చియార్డు | మంగళవారం, ఉదయం 7:05

రిపీటర్ మాటలో నేను వెనక్కి తగ్గుతాను, కానీ ఈ మాటలో తగ్గను. ఒకే పేరు పెడితే ఏ పెట్టె మీద ఉన్నామో తెలియదు. తేడా వచ్చినప్పుడు దేన్ని తిట్టుకోవాలి? మా నాన్నగారికి "పైకి వెళితే పైది నొక్కండి" అని చెబితే స్పష్టంగా అర్థమవుతుంది. ఫోను తనే మారుతుంది అంటారు గానీ, సిగ్నల్ బాగా సన్నబడేదాకా పాతదాన్నే పట్టుకునే ఫోన్లు చాలా ఉన్నాయి.

హనుమకొండ_వాణి | మంగళవారం, ఉదయం 8:00

అది నిజమే. మారాలా వద్దా అన్నది ఫోను ఇష్టం, రౌటర్‌ది కాదు. కింది పెట్టె ప్రసార శక్తిని మధ్యస్థానికి తగ్గిస్తే మెట్లెక్కేసరికి దాని సిగ్నల్ సన్నబడుతుంది, ఫోను త్వరగా వదులుతుంది. మాస్టారి గది ఒక్కటే, కూర్చునే చోటూ ఒక్కటే కాబట్టి ఆయనకు వేరు పేర్లయినా ఇబ్బంది లేదు. ఇల్లంతా నడుస్తూ మాట్లాడేవాళ్లకు మాత్రం నేను ఒకే పేరే చెబుతాను.

సింగపూర్_నుంచి | మంగళవారం, ఉదయం 9:30

తెనాలిలో మా అమ్మానాన్నల ఇంటి రౌటర్ నేను ఇక్కడి నుంచే చూసుకుంటాను, కాబట్టి ఇంకెవరూ ఎత్తని భద్రత సంగతి నేను ఎత్తుతాను. కొత్త పెట్టె పనిచేయగానే అందరూ దాన్ని వదిలేస్తారు. దయచేసి ఇవాళే కూర్చుని ఈ పని చేయండి మాస్టారు.

వైఫై పాస్‌వర్డ్ వేరు, పెట్టె లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. రెండోది చాలా ఇళ్లలో కర్మాగారం పెట్టినదే ఉంటుంది. రెండు పెట్టెల్లోనూ మార్చండి. భద్రత రకం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ గానీ, ఉంటే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. పాత డబ్ల్యూఈపీ, టీకేఐపీ వద్దు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో పిన్నుతోనో కలిపే సదుపాయం) ఆపేయండి. దాని ఎనిమిది అంకెల పిన్నును రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి 11,000 ప్రయత్నాల్లో పట్టుకోవచ్చని 2011లోనే బయటపడింది. బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపి ఉందో లేదో చూడండి. ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఉంటే వేయండి, వేసేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి. వైఫై పేరు దాచితే భద్రం అంటారు, అది వట్టి మాట. ఫోను ఆ పేరును పిలుస్తూ తిరుగుతుంది, కావాలనుకున్నవాడికి దొరికిపోతుంది.

మరో మాట. ఊళ్లో కెమెరా పెట్టి దాన్ని బయటి నుంచి చూడాలని పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి పరికరానికి దారి తెరవడం) చేసి, పనిచేయలేదని విసిగిపోయేవాళ్లు చాలామంది. పెట్టె పేజీలో వాన్ చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీకు సొంత బయటి చిరునామా లేదని అర్థం. ఒకే చిరునామాను కంపెనీ చాలా ఇళ్లకు పంచుతోంది. ఇలా పంచడం కోసమే 2012లో ఆ వరుసను విడిగా ఇచ్చారు. అలాంటప్పుడు ఇంట్లో ఎన్ని సెట్టింగులు మార్చినా బయటి నుంచి దారి తెరుచుకోదు. కంపెనీని స్టాటిక్ (మారని, మీకే సొంతమైన) చిరునామా అడగాలి, లేదా కెమెరా కంపెనీ యాప్ ద్వారా చూడాలి.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అన్నీ చేశాను. ఛానల్ 36 పెట్టాక ఆలస్యం పోయింది. 2.4 మీద ఇప్పుడు 40 వస్తోంది. పేర్లు వేరుగానే ఉంచాను, మిర్చియార్డు గారి మాట అమ్మకు నచ్చింది. రెండు పాస్‌వర్డ్‌లూ మార్చి నోటుపుస్తకంలో రాశాను.

ఇక మిగిలింది కరెంటు. మాకు సాయంత్రాలు పోతుంటుంది. ఇన్వర్టర్ లైన్ పై గదికి లేదు.

పాత_ఎక్స్ఛేంజి | మంగళవారం, మధ్యాహ్నం 3:00

రౌటర్ల కోసం చిన్న డీసీ యూపీఎస్‌లు (కరెంటు పోతే బ్యాటరీతో నడిపేవి) దొరుకుతాయి. కొనేముందు రెండు పెట్టెల అడాప్టర్ల మీద రాసి ఉన్నది చదవండి. వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, చాలావాటికి 12 వోల్టులు. కరెంటు మాత్రం యూపీఎస్ ఇచ్చేది సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పెట్టె 1.5 ఆంపియర్లు అడుగుతుంటే 1 ఆంపియర్ ఇచ్చేది కొంటే, వాడకం పెరిగినప్పుడల్లా పెట్టె ఆగి లేస్తుంది, మీరు ఇంటర్నెట్‌ను అనుమానిస్తారు. పిన్ను లావు, ధన ఋణ ధ్రువాల గుర్తు కూడా సరిపోల్చండి. కింద ఒకటి, పైన ఒకటి, రెండూ కావాలి. పైదాన్ని మాత్రమే నిలబెడితే లాభం లేదు. ఫైబర్ కనెక్షన్‌లో ఎక్స్ఛేంజికీ మీకూ మధ్య ఉండే చీలికల పెట్టెలకు కరెంటు అక్కర్లేదు, కాబట్టి మీ వీధిలో కరెంటు లేకపోయినా లైను బతికే ఉంటుంది.

లెక్కల_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 4:45

ఆ యూపీఎస్ పెట్టడానికి పైన గోడ పెట్టె మూత తీశాను. లాన్ తీగ, ఫ్యాన్‌కు వెళ్లే కరెంటు తీగ ఒకే పైపులో నుంచి వస్తున్నాయి. పనిచేస్తోంది కదా అని ఉంచేయవచ్చా?

తీగల_పనివాడు | మంగళవారం, సాయంత్రం 5:20

ఉంచకండి మాస్టారూ. వేగం సంగతి అటుంచండి. కరెంటు తీగ మీది తొడుగు ఎక్కడైనా చీలితే 230 వోల్టులు లాన్ తీగలోకి వస్తాయి. దాని రెండో కొసన మీ ల్యాప్‌టాప్, దాని మీద మీ చేయి ఉంటాయి. మూత మూసేసి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ల్యాప్‌టాప్‌కు తీగ పెట్టకుండా వైఫై మీదే క్లాసు చెప్పండి. ఆయన వచ్చినప్పుడు మెయిన్ ఆపించి, లాన్‌కు వేరే పైపు వేయించండి. గోడ కొట్టడం ఇష్టం లేకపోతే మూలన పైపైన ప్లాస్టిక్ పట్టీ బిగించినా చాలు.

కొత్త తీగ క్యాట్ 6, పూర్తి రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసినది చవకగా ఇస్తారు, అది వద్దు, కొసల దగ్గర ఊరికే విరుగుతుంది. పైపు ఎటూ వేస్తున్నారు కాబట్టి ఒకటికి రెండు తీగలు లాగించండి. రెండు కొసలూ ఒకే వరుసలో బిగించాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. బిగించాక ల్యాప్‌టాప్‌లో లింకు వేగం 1000 అని చూపాలి. ల్యాప్‌టాప్‌లో గిగాబిట్ పోర్టు ఉండి, కింది పెట్టె పోర్టూ గిగాబిట్‌ది అయి ఉండి, 100 అని చూపితే నాలుగు జతల్లో ఏదో ఒకటి తెగింది. 100కు రెండు జతలే చాలు కాబట్టి పని నడిచిపోతుంది, ఎవరూ గమనించరు. ఎలక్ట్రీషియన్ గుమ్మం దాటకముందే ఆ అంకె చూసుకోండి.

లెక్కల_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:50

మూత మూసేశాను. ఆదివారం వస్తానన్నాడు. ఈ రంగుల వరుస కాగితం మీద రాసి ఆయన చేతికిస్తాను.